ఉల్లిపొర, బుగ్గ కణాలు కాకుండా ఇంకేం చూపించొచ్చు? (బడి ప్రదర్శన కోసం)

ప్రొద్దుటూరు_బయాలజీ
అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. దసరా సెలవులకు ముందు మా బడిలో సైన్స్ ప్రదర్శన ఉంది. మా తరగతికి వచ్చిన అంశం ‘జీవకణం – నిర్మాణం, విధులు’. చేతిలో ఉన్నది ఒకటే మైక్రోస్కోపు, గరిష్ఠంగా 400 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. రంగుల్లో సాఫ్రనిన్, మిథిలీన్ బ్లూ ఉన్నాయి.

ప్రతి ఏడాదీ అదే ఉల్లిపొర, అవే బుగ్గ కణాలు, థర్మాకోల్‌తో చేసిన గుండ్రటి బొమ్మ ఒకటి. పిల్లలకే బోర్ కొట్టేసింది. పైగా ఆ బొమ్మ చూసీ చూసీ కణాలన్నీ గుండ్రంగానే ఉంటాయనుకుంటున్నారు. కడప, కర్నూలు, అనంతపురం తట్టు దొరికే వాటితోనే, పెద్దగా ఖర్చు లేకుండా, రకరకాల కణాలు చూపించాలని ఉంది. ఏమున్నాయో చెప్పండి.

ల్యాబ్_కర్నూలు
మేడమ్, ఉల్లిపొరను తీసెయ్యకండి, చూపించే పద్ధతి మార్చండి. అందరూ లోపలి వైపు తెల్లపొర తీసి సాఫ్రనిన్ వేస్తారు. మన కర్నూలు ఎర్రగడ్డకు బయటి వైపు గులాబీ రంగు పొర ఉంటుంది కదా, అది తీయండి. రంగు వెయ్యక్కర్లేదు. ఆ గులాబీ రంగంతా కణం మధ్యలో ఉండే పెద్ద రిక్తికలో, అంటే రసం నిండిన సంచిలో ఉంటుంది. ఒక పక్క నుంచి ఉప్పునీళ్ల చుక్క వేసి, రెండో పక్క ఫిల్టర్ కాగితం ఆనించి నీళ్లు లాగండి. చూస్తుండగానే గులాబీ ముద్ద గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. కణకవచం, అంటే ఆ గోడ, మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మళ్లీ మంచినీళ్లు పోస్తే ముద్ద ఉబ్బుతుంది.

గోడ వేరు, దాని లోపలి పొర వేరు అని నోటితో చెప్తే పిల్లలకు ఎక్కదు. ఇది చూశాక మళ్లీ చెప్పే పని ఉండదు.

బైపీసీ_కుర్రోడు
ఉల్లిపొరలో హరితరేణువులు కనిపించవు కదా. మరి ‘వృక్షకణం’ అని బోర్డు ఎట్లా పెడతారు?

రిటైర్డ్_జువాలజీ
ఎందుకు పెట్టకూడదు నాయనా? ఉల్లిగడ్డ అంటే భూమిలో దాక్కున్న ఆకుల మొదళ్లు. ఎండ తగలని చోట కిరణజన్య సంయోగక్రియ ఏముంటుంది, హరితరేణువు దేనికి? పైన ఉన్న ఉల్లికాడ పొర కింద చూడు, పచ్చగా నిండా ఉంటాయి. ఒకే మొక్క, ఒకే జన్యువులు. చోటును బట్టి, చేసే పనిని బట్టి సామాను మారుతుంది. మేడమ్ గారు ఉల్లిగడ్డ పొర, ఉల్లికాడ ముక్క పక్కపక్కన పెడితే మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.

నేను కడపలో డిగ్రీ కాలేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక మనవి. బోర్డు మీద బొమ్మ గీసి గాల్జీ, రైబోజోము, అంతర్జీవద్రవ్య జాలం లాంటి కణంలోని చిన్న చిన్న భాగాలన్నీ గుర్తించి, పక్కనే మైక్రోస్కోపు పెడితే పిల్లలు అవన్నీ లెన్సులో వెతుకుతారు. 400 రెట్లలో మామూలుగా కనబడేవి గోడ, కేంద్రకం, రిక్తిక, హరితరేణువులు, పిండి రేణువులు, అంతే. రైబోజోములు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చేదాకా ఎవరి కంటా పడలేదు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకు జానస్ గ్రీన్ అనే ప్రత్యేకమైన రంగు కావాలి. ‘ఇవి కనిపించేవి, ఇవి ఇక్కడ కనిపించనివి’ అని బొమ్మలోనే రెండు రంగుల్లో వేయించండి.

పులివెందుల_అరటి
మేడమ్, అరటి పెట్టండి. మా తట్టు జీ-9 రకం అరటి తోటలకు కొదవ లేదు. పచ్చికాయ ఒకటి, బాగా మాగిన పండు ఒకటి తీసుకోండి. రెండింటి గుజ్జూ అగ్గిపుల్ల మొనంత తీసుకుని స్లైడ్ మీద రుద్ది, అయోడిన్ చుక్క వేయండి. పచ్చికాయ కణాల్లో నల్లటి నీలం రంగులో పిండి రేణువులు కుక్కినట్టు ఉంటాయి. పండులో కణాలు అట్లే ఉంటాయి గానీ లోపల రేణువులు దాదాపు ఖాళీ. పచ్చికాయలో 20 శాతం దాకా ఉండే పిండి, మాగేసరికి 1-2 శాతానికి వస్తుంది, మిగతాదంతా చక్కెర అయిపోతుంది. నాకు అగ్రికల్చర్ డిప్లొమాలో చేయించారు. కణం ఒక గోదాములాగా సరుకు ఎట్లా దాచుకుంటుందో దీనికంటే తేలిగ్గా చూపించలేం.

ప్రొద్దుటూరు_బయాలజీ
అరటి ఖాయం. కోసే పని కూడా లేదు. థాంక్స్ అన్నా.

ఆదోని_జిన్నింగ్
నేను సైన్స్ చదివినోణ్ణి కాదు, జిన్నింగ్ మిల్లులో పత్తి గ్రేడింగ్ చూస్తాను. ఒక అగ్రికల్చర్ ఆఫీసర్ మా మిల్లుకొచ్చినప్పుడు దూదిలో ఒక్కో పోగు ఒక్కో కణం అన్నాడు. నేను నమ్మలేదు. అంగుళం పొడవున్న కణం ఉంటుందా? తెలిసినోళ్లు చెప్పండి.

బైపీసీ_కుర్రోడు
అన్నా, అది దారం. దారంలో వేల కణాలు ఉంటాయి. కణం అంటే మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు.

కళ్యాణదుర్గం_శెనక్కాయ
తమ్ముడూ, ఆఫీసర్ చెప్పిందే నిజం. నేను ఏజీ బీఎస్సీ. దారం అంటే పోగులు కలిపి పురి పెట్టింది. ఆయన అడిగింది పోగు గురించి. పత్తి గింజ పైచర్మంలో కొన్ని కణాలు ఉంటాయి, పువ్వు విచ్చుకున్న రోజు నుంచే అవి బయటికి సాగడం మొదలుపెడతాయి. విభజన లేదు, పక్క కణంతో కలవడం లేదు. ఒకటే కణం, ఒకటే కేంద్రకం, మూడు వారాల దాకా పొడవు పెరుగుతూనే పోతుంది. 25 నుంచి 30 మిల్లీమీటర్లు వస్తుంది. లావు చూస్తే 20 మైక్రాన్ల చుట్టుపక్కల. అంటే లావుకు వెయ్యి రెట్లకు పైన పొడవు.

పొడవు పెరగడం అయ్యాక లోపలి వైపు సెల్యులోజు పొరలు పొరలుగా పరుచుకుంటుంది, గోడ మందమవుతుంది. కాయ పగిలేసరికి లోపలి జీవపదార్థం చచ్చి ఎండిపోతుంది. మిగిలేది గోడ ఒక్కటే, అందులో 90 శాతానికి పైగా సెల్యులోజు. మిల్లులో మీరు ‘స్టేపుల్’ అని కొలిచేది ఒక కణం పొడవునే.

ఆదోని_జిన్నింగ్
అబ్బా! ఇన్నేళ్లుగా చేత్తో పీకి స్కేలు మీద పెట్టి చూస్తున్నది కణాన్నా?

ఒకటి అడుగుతా. మా దగ్గర పచ్చికాయ వచ్చిన సరుకులో పోగు బలంగా ఉండదు, పుటుక్కున తెగుతుంది, రంగు కూడా సరిగా పట్టదు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

కళ్యాణదుర్గం_శెనక్కాయ
అదే కారణం అన్నా. పొడవు ముందు వచ్చేస్తుంది, గోడ మందం తర్వాత వస్తుంది. పొడవయ్యాక గోడ కట్టేలోపే కాయ ఎండితే, లేదా పురుగు కొట్టి ముందే పగిలితే, పోగు పొడవు సరిగానే ఉంటుంది గానీ గోడ పలచన. రంగు పట్టేది ఆ సెల్యులోజుకే కాబట్టి రంగు కూడా తక్కువ ఎక్కుతుంది.

రిటైర్డ్_జువాలజీ
మేడమ్ గారూ, ప్రదర్శనకు మీరు వెతుకుతున్నది దొరికింది. దూదిపోగు ఒకటి నీళ్ల చుక్కలో వేసి 100 రెట్లలో చూపించండి. ఎండలో చప్పగా పడి మెలి తిరిగిన డ్రిప్ పైపులాగా కనబడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు లోపల రసం నిండి గుండ్రంగా ఉండేది, ఆరిపోయాక నొక్కుకుపోయి మెలికలు పడింది. ఆ మెలికల వల్లనే ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటుంది, దారం వడకడానికి వీలవుతుంది.

బైపీసీ_కుర్రోడు
సార్, కానీ అది చచ్చిన కణం. అంశం ‘జీవకణం’ కదా. జీవం లేనిది ఎట్లా పెడతారు?

రిటైర్డ్_జువాలజీ
1665లో రాబర్ట్ హుక్ చూసిందీ చచ్చిన కణాలనే. బెండు ముక్కలోని ఖాళీ గదులు చూసి వాటికి ‘సెల్’ (కణం) అని పేరు పెట్టాడు. చెట్లలో నీళ్లు పైకి మోసే దారునాళాలు పని మొదలుపెట్టేదే చచ్చాక. బతికి ఉంటే లోపల సామాను అడ్డం, నీళ్లు పారవు. పక్కనే పోషక కణజాలంలో చాలనీ నాళాలు ఉంటాయి, అవి బతికే ఉంటాయి గానీ కేంద్రకం పోగొట్టుకుంటాయి. వాటి పెత్తనమంతా ఆనుకుని ఉన్న సహకణం చూసుకుంటుంది. కాబట్టి బతికున్నదా చచ్చిందా అన్న ఒక్క ప్రశ్నతో కణాన్ని పక్కన పెట్టలేం. చచ్చాక చేసే పని కోసమే బతికినన్నాళ్లూ తయారయ్యే కణాలు చాలా ఉన్నాయి.

ధర్మవరం_మగ్గం
ఈ చర్చ చాలా బాగుంది. మాది పట్టు నేసే ఇల్లు. మరి పట్టుపోగు కూడా ఒక కణమేనా? ఒక పట్టుకాయ నుంచి వందల మీటర్ల పోగు వస్తుంది. అంత పొడవు కణం ఉంటుందా?

కళ్యాణదుర్గం_శెనక్కాయ
లేదక్కా, పట్టుపోగులో కణమే లేదు. అది కణాలు తయారుచేసి బయటికి పంపిన ప్రోటీను. పట్టుపురుగు ఒంట్లో రెండు పొడుగాటి గ్రంథులు ఉంటాయి. వెనక భాగంలోని కణాలు ఫైబ్రోయిన్ అనే ప్రోటీను చేస్తాయి, అదే పట్టు. మధ్య భాగంలోని కణాలు సెరిసిన్ అనే బంక చేసి దాని చుట్టూ పూస్తాయి. మీరు పట్టునూలును సోడా, సబ్బు నీళ్లలో ఉడికిస్తే పోయేది ఆ బంకే.

ఆ గ్రంథి కణాలు కూడా విచిత్రమైనవే. పురుగు గుడ్డులో ఉండగానే వాటి సంఖ్య స్థిరపడిపోతుంది, తర్వాత విభజన ఉండదు. పురుగు మాత్రం పుట్టినప్పటి బరువుకు సుమారు 10,000 రెట్లు పెరుగుతుంది. మరి అంత పట్టు ఎవరు చేస్తారు? ఉన్న కణాలే రాక్షసుల్లా పెరుగుతాయి. కణం రెండుగా చీలకుండా లోపల డీఎన్‌ఏ ఒక్కటే మళ్లీ మళ్లీ నకలు అవుతుంది, ఒక్కో కణంలో లక్షల ప్రతులు చేరతాయి. కేంద్రకం గుండ్రంగా ఉండదు, కొమ్మలు వేసి కణమంతా పరుచుకుంటుంది. ఎక్కువ ప్రోటీను కావాలంటే ఎక్కువ ప్రతులు కావాలి మరి.

ధర్మవరం_మగ్గం
కేంద్రకానికి కొమ్మలా! మా పిల్లోడికి చూపించాలి ఈ థ్రెడ్.

ఆదోని_జిన్నింగ్
అయితే గొంగళి సంగతేంది? మా అవ్వది ఇంకా ఇంట్లో ఉంది, గొర్రె బొచ్చుది.

రిటైర్డ్_జువాలజీ
అది మూడో రకం. ఉన్ని వెంట్రుక అంటే వేలకు వేల కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, కెరాటిన్ అనే ప్రోటీను నింపుకుని చచ్చిపోయి గట్టిపడినవి. పైన పొలుసులు ఉంటాయి, అవి కూడా చచ్చిన కణాలే. 400 రెట్లలో పొలుసుల అంచులు బాగా తెలుస్తాయి. ఉన్ని తడిపి రుద్దితే దట్టంగా ముద్ద కట్టడానికీ ఆ పొలుసులకూ సంబంధం ఉంది. పట్టుపోగు నున్నగా గాజుకడ్డీ మాదిరి ఉంటుంది, లోపల ఏమీ కనబడదు.

మేడమ్, మూడు స్లైడ్లు వరసగా పెట్టండి. ఆదోని దూది: పోగుకు ఒక కణం. ధర్మవరం పట్టు: కణమే లేదు. కళ్యాణదుర్గం గొంగళి: కణాల దొంతర. ఒంటి మీద వేసుకునే బట్టలే కాబట్టి పిల్లలు జన్మలో మర్చిపోరు.

ప్రొద్దుటూరు_బయాలజీ
సార్, ఇది నేను పుస్తకంలో ఎక్కడా చూడలేదు. బల్ల మీద మొదటి ఐటమ్ ఇదే. గొంగళి ముక్క ఎవరైనా తెచ్చిస్తారా?

కళ్యాణదుర్గం_శెనక్కాయ
బొచ్చు నేను పంపిస్తా మేడమ్, ముక్క కొయ్యొద్దు పాపం ఆ అవ్వది.

దాంతో పాటు శెనక్కాయ మొక్కలు కూడా రెండు పంపిస్తా, వేళ్లతో సహా. ఇప్పుడు ఊడలు దిగి కాయ పడే దశ, వేర్ల మీద బుడిపెలు బాగా ఉంటాయి. బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే పని చేస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దూరపు చుట్టం. అక్కడ రెండు రకాల కణాలు ఒకదాంట్లో ఒకటి ఉంటాయి. పెద్దది మొక్క కణం: కేంద్రకం, గోడ, మైటోకాండ్రియా అన్నీ ఉన్నది. దాని లోపల గుంపులుగా రైజోబియం జాతి బ్యాక్టీరియా: కేంద్రకం లేదు, డీఎన్‌ఏ ఊరికే లోపలి ద్రవంలో ఉంటుంది, మైటోకాండ్రియా లేవు. శెనక్కాయలో అవి లోపలికి పోయాక ఉబ్బి గుండ్రంగా మారతాయి.

గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైము ఆ బ్యాక్టీరియా దగ్గర ఉంది. ఆ ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ బ్యాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఈ ఇరకాటానికే లెగ్‌హీమోగ్లోబిన్. ఆక్సిజన్‌ను పట్టుకుని, స్వేచ్ఛగా తిరగనివ్వకుండా, కొద్దికొద్దిగా అందిస్తుంది. మా నాన్న బుడిపె చీల్చి రంగు చూసి ‘ఈసారి యూరియా తగ్గించొచ్చు’ అంటాడు. ఆయనకు ఎంజైము పేరు తెలీదు గానీ లెక్క మాత్రం తప్పదు.

బైపీసీ_కుర్రోడు
ఇది మైటోకాండ్రియా కథ మాదిరే ఉందే! అవి కూడా ఒకప్పుడు బయటి బ్యాక్టీరియానే అని, పెద్ద కణంలోకి వచ్చి ఉండిపోయాయని చదివాను. 1967లో లిన్ మార్గులిస్ రాశారు. మరి శెనక్కాయ బ్యాక్టీరియా కూడా ఇంకొన్నాళ్లకు అట్లే మొక్క కణంలో భాగం అయిపోతుందా?

కళ్యాణదుర్గం_శెనక్కాయ
మంచి ప్రశ్న తమ్ముడూ. తేడా ఎక్కడుందంటే, మైటోకాండ్రియా తల్లి అండకణం ద్వారా బిడ్డకు వస్తాయి. శెనక్కాయ విత్తనంలో రైజోబియం ఉండదు. ప్రతి పంటకూ నేలలో నుంచి కొత్తగా ఎక్కాల్సిందే. పక్కవేరు పుట్టే చోట ఏర్పడే సందుల్లో నుంచి లోపలికి దూరుతుంది. అందుకే కొత్తగా శెనక్కాయ వేసే చేనులో విత్తనానికి రైజోబియం కల్చర్ పట్టించమంటారు. వారసత్వంగా రానంతవరకు దాన్ని అద్దెకున్నోడనే అనాలి, ఇంటోడు కాడు.

రిటైర్డ్_జువాలజీ
ఇంకోటి కూడా. మైటోకాండ్రియా తన జన్యువుల్లో చాలా వాటిని కేంద్రకానికి అప్పగించేసింది. మనిషి మైటోకాండ్రియాలో ఇప్పుడు మిగిలినవి 37 జన్యువులు. బయటికి పోయి సొంతంగా బతకలేదు. రైజోబియం నేలలో హాయిగా బతుకుతుంది.

మైటోకాండ్రియా మాట వచ్చింది కాబట్టి, అది తయారుచేసే ఏటీపీ (కణం పనులకు శక్తినిచ్చే అణువు) దగ్గర ఒక తెలుగు పేరు పెట్టండి మేడమ్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ పట్టుకున్నవాడు. అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. మన పాఠాల్లో ఏటీపీ ఉంటుంది, ఆయన ఉండడు. నాకు ఇది పాత కోపం, మన్నించండి.

ల్యాబ్_కర్నూలు
జంతు కణాల వైపు కూడా చూద్దాం. రక్తం చూపించాలని ప్రతి బడిలో సరదా పడతారు. మేడమ్, పిల్లల వేళ్లకు సూది గుచ్చడం మాత్రం వద్దు. రోజూ రక్తం చూసేవాణ్ణి, చెప్తున్నా వినండి. మనిషి రక్తానికి రెడీమేడ్ స్లైడ్ కొనండి. తాజాగా చూపించాలంటే కోడి రక్తం తెప్పించండి. చికెన్ షాపులో కోసిన వెంటనే నాలుగు చుక్కలు ఉప్పునీళ్లలో వెయ్యమనండి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంతకంటే తేడా రాకూడదు. చేతికి గ్లౌజు, తర్వాత సబ్బు.

ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే తేడా తెలిసిపోతుంది. కోడి ఎర్రకణం కోలగా ఉంటుంది, నడుమ నీలంగా కేంద్రకం. మనిషి ఎర్రకణం గుండ్రంగా, రెండు వైపులా నడుమ సొట్ట, కేంద్రకం లేదు. పక్షులకు, కప్పలకు, చేపలకు ఉంటుంది, పాలిచ్చే జంతువులకు ఉండదు. మన మూలుగలో తయారయ్యేటప్పుడు మొదట ఉంటుంది, చివరి దశలో బయటికి నెట్టేస్తుంది. మైటోకాండ్రియా కూడా పోతాయి. మోసే ఆక్సిజన్‌ను తానే వాడుకోకుండా, ఖాళీ అయిన చోటులో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు పెట్టుకుంటుంది. కేంద్రకం లేదు కాబట్టి రిపేరు లేదు, 120 రోజులకు ఆయుష్షు తీరిపోతుంది. మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవి పంపుతూనే ఉంటుంది.

ఇంకో స్లైడ్‌లో కోడి రక్తం మీద వట్టి నీళ్ల చుక్క వేయండి. కణాలు ఉబ్బి పగులుతాయి. ఉల్లికణం నీళ్లలో పగల్లేదు కదా, ఎందుకు అని పిల్లలనే అడగండి. గోడ విలువ అక్కడ తెలుస్తుంది.

బైపీసీ_కుర్రోడు
కోడి అంటే గుర్తొచ్చింది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద కణం నిప్పుకోడి గుడ్డు అని మా లెక్చరర్ చెప్పాడు. గుడ్డు మొత్తం ఒక కణమేనా? పెంకు, తెల్లసొన కూడా?

రిటైర్డ్_జువాలజీ
కాదు. కణం అంటే పచ్చసొన ఒక్కటే. తెల్లసొన, పొర, పెంకు అన్నీ గుడ్డు దారిలో దిగేటప్పుడు తల్లి శరీరం పైన చుట్టినవి. పచ్చసొన మీద చిన్న తెల్లచుక్క ఉంటుంది చూడు, కేంద్రకమూ అసలు జీవపదార్థమూ అక్కడే. మిగతా పసుపంతా దాచుకున్న తిండి. దుకాణంలో కొనే గుడ్డు పుంజు కలవనిది కాబట్టి ఒకే కణం. పుంజు కలిసిన నాటుకోడి గుడ్డు పెట్టేసరికే ఆ చుక్కలో వేల కణాలు అయిపోయి ఉంటాయి. మైక్రోస్కోపు లేకుండా చూపించగల కణం ఇదొక్కటే మేడమ్, సాసర్లో పగలగొట్టి పెట్టండి.

ఆదోని_జిన్నింగ్
సార్, దూదిపోగు కూడా మైక్రోస్కోపు లేకుండానే కనిపిస్తుంది కదా!

రిటైర్డ్_జువాలజీ
నిజమే, రెండు పెట్టండి.

ధర్మవరం_మగ్గం
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా పుట్టిల్లు అనంతపురం లోపలి పల్లె, బోరునీళ్లలో ఫ్లోరైడ్. చిన్నప్పటి నుంచి మాకు పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు. ఇప్పుడు మంచినీళ్లు తాగుతున్నా పోవు. దానికీ కణాలకూ సంబంధం ఉందా?

ల్యాబ్_కర్నూలు
ఉందక్కా. పంటి మీది ఎనామెల్‌ను కట్టే కణాలు వేరుగా ఉంటాయి. పన్ను చిగురు లోపల తయారవుతున్నంత కాలమే వాటికి పని. పన్ను బయటికి రాగానే ఆ కణాలు ఉండవు. కట్టేటప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ సరిగా గట్టిపడదు, తర్వాత సరిచేద్దామంటే పనివాళ్లే లేరు. ఎముక అట్లా కాదు, దాంట్లో కణాలు బతికే ఉంటాయి, విరిగితే అతుక్కుంటుంది. మచ్చలకు డెంటిస్టు పైపైన చేయగలిగింది ఉంటుంది, ఒకసారి చూపించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లు తాగే నీళ్లు ముఖ్యం, శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే ఏళ్లు అవే.

పులివెందుల_అరటి
పత్రరంధ్రాలు ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లల దగ్గర రంగులేని నెయిల్ పాలిష్ ఉంటుంది కదా, ఆకు మీద పలచగా పూసి, ఆరాక సెల్లో టేపుతో పీకి స్లైడ్‌కు అంటించండి. అచ్చు పడుతుంది. శెనక్కాయ ఆకుకు రెండు వైపులా పడతాయి, రక్షక కణాలు మూత్రపిండం ఆకారంలో జంటలుగా. అదే జొన్న ఆకు మీద చేస్తే జిమ్‌లో ఎత్తే డంబెల్ ఆకారంలో ఉంటాయి. పొటాషియం లోపలికి తీసుకుంటే నీళ్లు వచ్చి ఉబ్బుతాయి, నడుమ రంధ్రం తెరుచుకుంటుంది. నీళ్లు తగ్గితే వదులై మూసుకుంటుంది. మన కరువు సీమలో పైరు బతకాలా ఎండాలా అని తేల్చేవి ఈ రెండు కణాలే.

కళ్యాణదుర్గం_శెనక్కాయ
జొన్న ఆకు ఉంది కాబట్టి ఇంకో పని చేయించండి. ఆకు ముక్కను క్యారెట్ చీలికలో ఇరికించి బ్లేడుతో వీలైనంత పలచగా అడ్డంగా కోయండి. ఈనెల చుట్టూ పచ్చటి పెద్ద కణాలు వలయంగా కనిపిస్తాయి. జొన్న, కొర్ర, సజ్జ మూడింటికీ ఉంటుంది. బయటి కణాలు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆ వలయంలోకి పంపుతాయి, అక్కడ గాఢంగా పేరుకుంటుంది. దానివల్ల రంధ్రాలు కొంచెమే తెరిచినా పని నడుస్తుంది. శెనక్కాయకు ఈ ఏర్పాటు లేదు.

బైపీసీ_కుర్రోడు
ఈస్టు కణాలు పెట్టొచ్చు కదా? ఈతకల్లులో బోలెడు ఉంటాయి, మొగ్గ తొడుగుతూ కనిపిస్తాయి.

ప్రొద్దుటూరు_బయాలజీ
బడిలోకి కల్లు తెస్తే ప్రదర్శన మాట దేవుడెరుగు, నా ఉద్యోగం ఏమవుతుంది నాయనా! బేకరీ ఈస్టు గోరువెచ్చటి చక్కెర నీళ్లలో వేస్తాను.

అడగాల్సింది ఇంకొకటి. అయోడిన్ మా దగ్గర లేదు. మెడికల్ షాపులో దొరికేది పనికొస్తుందా?

ల్యాబ్_కర్నూలు
బెటాడిన్ ద్రావణం చాలు. లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలపండి, అరటి పిండికి నీలం వచ్చేస్తుంది. చిక్కగా వాడితే అంతా గోధుమ రంగులో మునిగి ఏమీ కనబడదు.

ఆదోని_జిన్నింగ్
మేడమ్, దూది పంపిస్తున్నా, మూడు రకాల స్టేపుల్. మా తమ్ముడి చేనులో పచ్చికాయలు కూడా ఉన్నాయి, ఇంకా పగలనివి. వాటిలో పోగు బతికే ఉంటుంది కదా సార్? బైపీసీ తమ్ముడు అడిగిన ‘జీవకణం’ అదే అవుతుంది. ఏ కాయ కొయ్యాలి?

రిటైర్డ్_జువాలజీ
పువ్వు రాలి పది, పదిహేను రోజులైన లేతకాయ కొయ్యి. దాటితే గోడ మందమై లోపల సరిగా కనబడదు. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అదే రోజు బస్సుకు ఇచ్చెయ్. మేడమ్, కాయ చీల్చి ఒక గింజ తీసి, పోగులను నీళ్ల చుక్కలోనే విడదీయండి, ఆరనివ్వొద్దు. కణం చాలా పొడుగు కాబట్టి కేంద్రకం ఎక్కడుందో స్లైడ్ జరుపుతూ వెతకాలి. మిథిలీన్ బ్లూ పలచగా వేయండి. వెతికే పని బైపీసీ అబ్బాయికి అప్పగించండి, అనంతపురం నుంచి ప్రొద్దుటూరుకు బస్సులు బాగానే ఉన్నాయి.

బైపీసీ_కుర్రోడు
వస్తాను సార్. ఆదివారం అయితేనే, మాకు శనివారం కూడా స్లిప్ టెస్ట్ పెడతారు.